సున్నం పీల్చిన గాలి

ఉప్పుగెడ్డలో సున్నం వేసిన గోడ దొరకడానికి మాకు ఒక పూట పట్టింది. ఊరంతా రంగులే. గులాబీ, చిలకాకుపచ్చ, వంగపండు రంగు. ప్రతి ఇల్లూ డబ్బాల్లో వచ్చే పెయింటు కప్పుకుని మెరుస్తోంది. కౌముది ప్రతి గోడనూ వేలితో రాసి, వేలు చూసుకుని, తల అడ్డంగా ఊపేది.

"పెయింటు వేస్తే గోడకి ముక్కు మూసినట్టే మాస్టారూ. లోపలికి ఏమీ పోదు," అంది.

కౌముది మా కాలుష్య పరిశోధనశాలలో భౌతికశాస్త్రవేత్త. నేను అక్కడ రసాయన విభాగం చూస్తాను. అంతకుముందు చాలాకాలం కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి అందరికీ మాస్టారినే అయ్యాను. మా ఇద్దరి మధ్య, హార్మోనియం పెట్టెంత పెట్టెలో, ఆమె కట్టిన యంత్రం ఉంది. కాగితాల మీద దాని పేరు పెద్దది. మేము మాత్రం పొరదీపం అనేవాళ్లం.

కొత్తగా వేసిన సున్నం గాలి పీలుస్తూ గట్టిపడుతుంది. ఆ గాలిలో ఏమున్నా కొంచెం దానిలో చిక్కుకుపోతుంది. పొరదీపం వెంట్రుకంత సన్నని వెలుగును గోడలోకి పంపుతుంది. గోడ మీద చిన్న గీత కూడా పడదు. ఏ లోతులో కావాలంటే ఆ లోతు దాకా వెళ్లి ఆ వెలుగు తిరిగి వస్తుంది. ఒక్కో పదార్థం వెలుగులోంచి తనకు కావలసిన రంగులు తీసుకుని తక్కినవి వదిలేస్తుంది కదా. తిరిగొచ్చిన వెలుగులో ఏ రంగులు తగ్గాయో చూస్తే, లోపల ఏం దాగుందో తెలుస్తుంది. ఏటేటా వెల్ల వేసే పాత బడుల గోడల్లో మేము ఏళ్లనాటి గాలిని ఒక్కో పూతా దాటుకుంటూ చదివాం. పైపూత నిన్నటిది, దాని కింద నిరుటిది, ఇంకా కిందకు పోతే మా చిన్నతనం.

ఉప్పుగెడ్డలో మాకు అన్ని ఏళ్లు అక్కర్లేదు. రెండు నెలల కిందట ఒక సాయంత్రం ఊరి పక్కనున్న మందుల ఫ్యాక్టరీ నుంచి బ్రోమిన్ ఊరి మీద పడింది. ఎర్రటి పొగ వీధుల్లో మోకాలెత్తున పాకిందట. ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ సగం ఊరు ఆస్పత్రికి వెళ్లింది. ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్న ఆపరేటరు సన్నిబాబు వాల్వు మూయడం మరిచాడని కంపెనీ రాసింది. ట్యాంకు కింది సీలు వారాల తరబడి కొంచెం కొంచెంగా కారుతోందని, చివరికి అదే తెగిపోయిందని తోటి కార్మికులు అన్నారు. వాల్వును బ్రోమిన్ తినేసింది, కాబట్టి అది మూసి ఉందో లేదో చూడ్డానికి లేదు. ఫ్యాక్టరీలో గాలి కొలిచే పరికరం ఆ రోజుల్లో మరమ్మతులో ఉంది. విచారణ అధికారి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆ సాయంత్రానికి ముందు కూడా ఊరి గాలిలో బ్రోమిన్ ఉందా?

ఉంటే సన్నిబాబు తప్పు లేనట్టు. లేకపోతే అతను జైలుకు వెళ్లవలసిందే.

మొదట దొరికిన సున్నం గోడ చెరువు వీధిలో ఒక పెద్దావిడది. ప్రతి ఏడూ వెల్ల వేయిస్తుంది. కౌముది దీపం ఆనించి, తెర చూస్తూ ఒక్కో ఏడే వెనక్కి వెళ్లింది. ఒకచోట ఆగిపోయింది. తెర మీద లేచిన గీత నేనూ గుర్తుపట్టాను. పురుగుమందు. పొలం మీద చల్లితే గాలికి కొట్టుకొచ్చేంత కాదు. ఆ గదిలోనే, దగ్గర్లో ఒలికినంత.

"ఏటమ్మా, ఏటి కనబడింది?" అంది పెద్దావిడ.

"ఏం లేదమ్మా," అంది కౌముది.

ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసింది. వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడింది. "మా కోడలు ఇక్కడే పడుకునీది. ఆ సంగతి మీకొద్దు. ఈ గోడ ఒగ్గీండి," అంది.

కౌముది వెంటనే దీపం ఆర్పింది. వీధిలోకి వచ్చాక పెట్టె మూత బిగించింది. "గాలి చదువుదామని కట్టాను మాస్టారూ. ఇది ఇళ్లు చదువుతోంది," అంది.

మేము వచ్చిన పని, గోడలు చెప్పే కబుర్లు, మా కన్నా ముందే వీధి చివరకు చేరాయి. తలుపులు మూసుకున్నాయి. ఒక కిళ్లీ కొట్టతను మాత్రం మమ్మల్ని జాలిగా చూసి, "సున్నం గోడ కావాలా? సన్నిబాబు ఇంటికెళ్లండి. కూతురు పురిటికి ఒస్తాదని తనే ఏసుకున్నాడు," అన్నాడు.

సన్నిబాబు యాభై ఏళ్ల మనిషి. మమ్మల్ని చూసి కుర్చీలు తెచ్చి వేశాడు, తను నేల మీద కూర్చున్నాడు. భార్య ఎప్పుడో పోయింది. కూతురు పావనిని అతని తల్లి నూకమ్మే పెంచింది. పావని చదువుకుని, పెళ్లై అనకాపల్లిలో ఉంటోంది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ప్రమాదం జరిగిన సాయంత్రానికి బిడ్డ ఇంకా పొత్తిళ్లలోనే ఉంది. ఊపిరి అందక ఆస్పత్రిలో ఉంచి, మళ్లీ ఇంటికి తెచ్చుకున్నారు.

"గోడ సూసుకోండి బావూ," అన్నాడు సన్నిబాబు. "నన్నడిగితే నాకే తెల్దు. వాల్వు మీద సెయ్యేసినట్టు గుర్తుంది. తిప్పినానో నేదో గుర్తునేదు. ఇంటికి తాళం ఏసినామో నేదో అని వీధి సివర్నుంచి ఎనక్కొచ్చి సూసుకుంటాం గదండీ. నాకు ఆ ఎనక్కెళ్లే దారి నేదు."

పురిటి గది చిన్నది, చల్లగా ఉంది. గోడలు మందంగా, వెన్నపూస పూసినట్టు ఉన్నాయి.

"మూడు పూతలు," అన్నాడతను. "ఒకదాని మీదొకటి, ఒక్క రోజులోనే ఏసీసినాను. బాలింతకి పెయింటు కంపు పడదని."

మూల పీట మీద నూకమ్మ మనవరాలి బిడ్డను ఒళ్లో వేసుకుని ఉంది. "పూతలు కావవి బావూ. సున్నం తట్టలతో కుమ్మరించినాడు. గది ఇరుకైపోనాది," అంది.

పావని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు, ఆ పూటకు అదే చివరిది కూడా.

కౌముది దీపం పెట్టింది. గోడ పైపొరలో సన్నగా బ్రోమిన్, దాంతోపాటు మరొకటి కనిపించాయి. ఇంకొంచెం లోపల బ్రోమిన్ ఒక్కటే ఉంది. అది లోపలికి వెళ్లేకొద్దీ పెరిగి, ఒకచోట కొండలా లేచింది. దానికి లోపల అంతా శుభ్రంగా ఉంది.

ఆమె నాకు మాత్రమే వినబడాలని మెల్లగా చెప్పింది. కానీ చిన్న గది. "లోపలిది పాతది, పైది కొత్తది. కొండకు లోపల ఏమీ లేదు. అంటే ప్రమాదానికి ముందు బ్రోమిన్ రాలేదు మాస్టారూ. తర్వాతే కొసరు కొసరుగా వచ్చింది."

"ఫ్యాక్టరీ మూసేశాక ఎలా వస్తుంది?"

"కడిగేటప్పుడు వచ్చి ఉంటుంది."

సన్నిబాబు తల ఊపాడు, ఎదురుచూస్తున్న బస్సు వచ్చినట్టు. "అయితే నానే," అన్నాడు. లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

పావనికి కన్నీళ్లు వచ్చాయి. అయినా ఆమె చూపు తెర మీదే ఉంది. "మేడమ్, పైపొర దగ్గర ఇంకో గీత కూడా లేచింది కదా. ఏంటది?"

కౌముది నా వైపు చూసింది. దాచడం మాకు చేతకాలేదు. "పొగాకు," అన్నాను.

ఈ తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. నూకమ్మ పెదవులు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పావని ఆమె వైపు తిరిగింది.

"మామ్మా, పైపొర అంటే ఇప్పటిది. దీన్ని ఆస్పత్రి నుంచి తెచ్చాక కూడా ఈ గదిలో చుట్ట తాగావా?"

"నాను తాగలేదే! నువ్వు ఆటో దిగిన రోజే సుట్టలన్నీ గెడ్డలో ఇసిరీసినాను. నీ కడుపు మీద సెయ్యేసి ఒట్టెట్టినాను గదే."

"మరి గోడలోకి ఎలా వచ్చింది?"

"నువ్వు రాకముందు తాగినాను. సున్నం ఆరతుంటే గది సల్లగా ఉండీది. ఈ మూలే కూకునీదాన్ని. నువ్వొచ్చినాక నేదు."

"అయితే యంత్రం అబద్ధం చెబుతోందా?"

"దానికి సదువొచ్చు, నాకు రాదు. నానే సెప్తన్నాను అబద్ధం," అంది నూకమ్మ.

పావని వంగి, ఆమె ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది. ముసలామె చేతులు కాసేపు అలాగే, బిడ్డ ఆకారంలో ఉండిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో కౌముది విచారణ అధికారికి ఫోన్ చేసి చూసింది చూసినట్టు చెప్పింది. వచ్చే వారం నివేదిక రాసి ఇవ్వమన్నాడు.

ఆ ఆదివారం నేను మా మేడ మీద కాకులను తోలుతూ కూర్చున్నాను. మా ఆవిడ పోయాక పక్కింటి అనసూయమ్మగారు నాకు ఏదో ఒక చిన్న పని అప్పగిస్తూ ఉంటారు. నన్ను ఊరికే కూర్చోనివ్వకూడదని ఆమె ఉద్దేశం. ఆ సంగతి నాకు తెలుసని ఆమెకు తెలియదు. ఆ వేళ గుమ్మడి వడియాలు. పాత చీర మీద వరసలుగా పెట్టి, చేతికి కర్ర ఇచ్చి వెళ్లారు.

ఎండ బాగానే ఉంది. ఒక వడియం మీద వేలు పెడితే రాయిలా తగిలింది. ఎండిపోయిందనుకుని చీర మీంచి లాగబోయాను. పెంకు విరిగి, లోపలి పిండి చల్లగా వేలికి అంటింది.

"అయ్యో, అప్పుడే కదపకండి!" అన్నారు అనసూయమ్మగారు, గోడ అవతల నుంచి. "పైనుంచే కదండీ ఆరేది. లోపల రేపటికి గాని ఆరదు."

నేను ఆ వడియాన్ని చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉన్నాను. ఈలోగా ఒక కాకి వచ్చి రెండు తీసుకుపోయింది.

కిందికి దిగి కౌముదికి ఫోన్ చేశాను.

"మనం ఇన్నాళ్లూ ఏడాదికొక పూత వేసిన గోడలు చదివాం. ఆ అలవాటుతో దీన్నీ చదివేశాం," అన్నాను. "పూత మీద పూత వేస్తే ఏళ్లు బయటికి పెరుగుతాయి, నిజమే. కానీ అతను వేసింది ఒక్క రోజున. అదంతా ఒకే మందం. సున్నం గాలి పీల్చేది పైనుంచి కదా. ముందు చర్మం గట్టిపడుతుంది, తర్వాత కొంచెం లోపల, ఆ తర్వాత ఇంకొంచెం లోపల. ఒకే పూతలో రోజులు లోపలికి నడుస్తాయి కౌముదీ."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది.

"పైపొర మొదటి రోజులది," అన్నాను. "అంటే పావని రాకముందుది."

"మాస్టారూ," అంది కౌముది. "ఆ మామ్మ నిజం చెప్పింది."

నిజం చెప్పిందని మాకు అనిపించడం వేరు, రుజువు చేయడం వేరు. కౌముది మర్నాడు పొద్దున్నే విచారణ అధికారి దగ్గరకు స్వయంగా వెళ్లి, తన మాట పొరపాటు కావచ్చునని, పరీక్షకు గడువు కావాలని అడిగింది. కంపెనీ లాయరు నవ్వాడట. అధికారి నవ్వలేదు. "తప్పు రాసిచ్చాక రావడం కన్నా ముందు రావడం మంచిదే," అని గడువిచ్చాడు. అలాంటి మనిషి ఆ కుర్చీలో ఉండడం మా భాగ్యం.

ఉప్పుగెడ్డ నుంచే సున్నం తెప్పించాం. ఇటుకలకు ఒక్క రోజునే మూడేసి పూతలు వేశాం. గాజు పెట్టెల్లో పెట్టి, మొదట కొన్నాళ్లు సాంబ్రాణి పొగ, ఆ తర్వాత కొన్నాళ్లు కర్పూరం ఆవిరి పట్టించాం. ల్యాబంతా ఆ వాసనే. మా డైరెక్టరు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని వచ్చి, "ఇది పరిశోధనశాలా, భజన మందిరమా? ప్రసాదం ఎప్పుడు పెడతారు?" అన్నాడు.

"సాంబ్రాణి పైన దొరికితే పెడతాం సార్," అంది కౌముది.

దీపం పెట్టిన రోజు ఇద్దరం దాని ముందు కుర్చీలు వేసుకున్నాం. తెర మీద మొదటి గీత లేచింది. పైపొర. సాంబ్రాణి. కర్పూరం దానికి బాగా లోపల ఉంది. రెండో ఇటుకా అంతే. మూడోదీ అంతే. కౌముది కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను కాంటీనుకు వెళ్లి డైరెక్టరుకు మైసూరుపాకు తెచ్చాను.

ఇప్పుడు సన్నిబాబు గోడ తిన్నగా చదవడానికి వచ్చింది. సున్నం వేసిన మొదటి రోజుల్లోనే ఊరి గాలిలో బ్రోమిన్ ఉంది, నూకమ్మ చుట్ట పొగతో కలిసి. పావని వచ్చింది, పొగ ఆగిపోయింది. బ్రోమిన్ ఆగలేదు. రోజురోజుకూ పెరిగి పెరిగి, ఒక సాయంత్రం కొండలా లేచింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, గాలి శుభ్రపడింది. కడిగేటప్పుడు వచ్చి ఉంటుందని మేము కల్పించుకున్న కొసరు ఇక అక్కర్లేకపోయింది. ఈ నివేదిక చూసి అధికారి, కంపెనీ గోదాములో పక్కన పడేసిన సీలు ముక్కలు తెప్పించాడు. వాటికి పొరదీపం కూడా అవసరం లేదు. మామూలు పరీక్షలోనే అంచులను బ్రోమిన్ చాలా వారాలుగా తినేసినట్టు తేలింది. సన్నిబాబు మీద కేసు ఎత్తేశారు.

ఆ వారమే కౌముది యంత్రం విప్పి లోపల కొంత మార్చింది. ఇక మీదట ఏ పదార్థం కోసం వెతుకుతున్నామో ముందే చెప్పాలి. ఇంటివాళ్లు సరేనన్నది తప్ప మరేదీ తెర మీదికి రాదు.

"అలా కట్టి ఉంటే ఈ పొగాకు కనిపించేది కాదు కదా," అన్నాను.

"అడిగేవాళ్లం మాస్టారూ. ఆ మామ్మను అడిగితే తనే చెప్పేది. మనమే అడగలేదు," అంది.

మేము రాసిన ఉత్తరం సన్నిబాబుకు ముందే అందినా, స్వయంగా వెళ్లి చెప్పడం మా బాధ్యత అనుకుని ఉప్పుగెడ్డ వెళ్లాం. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. పావని గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె ఏమీ అనకముందే లోపలి నుంచి నూకమ్మ గొంతు వినబడింది.

"ఒచ్చినారేటి? నా మాట నిజమని తెలీడానికి ఆ దీపానికి ఇన్నాళ్లు పట్టిందేటి?"

"దీపం మొదటి రోజే నిజం చెప్పింది మామ్మగారూ. మాకే చదవడం రాలేదు," అంది కౌముది.

"అలగా. మరైతే దాన్ని తిట్టకండి," అంది నూకమ్మ.

పావని బిడ్డతో వచ్చి ఆమె ముందు కూర్చుంది. "మామ్మా, నన్ను కొట్టు."

"కొడతాను గాని, ముందు గుంటనిటియ్యి."

బిడ్డ చేతుల్లోకి వచ్చాక ముసలామెకు కొట్టడం సంగతి గుర్తులేదు. ముఖం దగ్గరగా పెట్టుకుని ఏవో తిట్లు తిడుతోంది, ముద్దు ముద్దుగా.

సన్నిబాబు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఉత్తరం అతని చేతిలోనే ఉంది, మడతలు నలిగి. "సదివినాను బావూ. అమ్మి కూడా సదివి ఇనిపించింది. అయితే వాల్వు నాను మూసినట్టేనా?" అన్నాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "అది మాకు తెలియదు సన్నిబాబూ. ఎప్పటికీ తెలియదు. కానీ మీరు మూసినా, మూయకపోయినా ఆ సాయంత్రం ఆ సీలు తెగేదే. ఆ పొగ వచ్చింది అక్కడి నుంచి. మీ చేతి నుంచి కాదు."

అతను ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచి పక్కన పెట్టుకున్నాడు.

"ఇంకోటి ఉంది," అంది కౌముది, అతని ఎదురుగా నేల మీద కూర్చుంటూ. "ఇది ఉత్తరంలో రాయలేదు. బ్రోమిన్‌ని సున్నం మింగేస్తుంది. ఈ గోడలు ఎంత మింగాయో లెక్కగట్టాం. పెయింటు వేసిన గది అయి ఉంటే, అదంతా గాలిలోనే ఉండేది. పాప పీల్చేది. మీరు దట్టంగా వేశారు కదా, అందుకే పాప ఆస్పత్రి నుంచి తిరిగొచ్చింది. మూడు పూతలూ అక్కరకొచ్చాయి."

సన్నిబాబు తల వెనక్కి వాల్చి గోడకు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఏడుస్తాడేమోనని మేము చూపు తిప్పుకున్నాం. పావని మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తన ప్రయాణం గురించి, పాపకు పెట్టబోయే పేరు గురించి చెప్పింది. అతనేమంటాడోనని తిరిగి చూస్తే, నోరు కొంచెం తెరుచుకుని, భుజం మీదికి తల ఒరిగి, గాఢంగా నిద్రపోతున్నాడు. ఊపిరి నిండుగా, నెమ్మదిగా వస్తోంది. జుట్టుకు వెనకవైపు సున్నం అంటింది.

పాప కదిలి, గొంతు సవరించుకుని, ఏడుపుకు సిద్ధమైంది. నూకమ్మ దాన్ని గుండెకు అదుముకుంది.

"ఉష్, ఊరుకోయే," అంది గుసగుసగా. "మీ తాత పడుకున్నాడు."

మేము మజ్జిగ గ్లాసులు చప్పుడు కాకుండా కింద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాం.